వీధికిని పందెమునకును ఒకే బండి: వెనుక డిఫరెన్షియల్ ఎంపిక

(తిరుత్తణిలో జరిగిన మన సంఘసభ్యుల సమావేశమున గావించిన ప్రసంగము)



మన సమావేశములలో పిల్లల తెలుగు చదువును గూర్చియో, ధ్రువపత్రములను గూర్చియో మాటలాడుట వాడుక. నేడు కారు వెనుక ఇరుసును గూర్చి నిలుచుండి ప్రసంగించుట నాకే కొంత వింతగా నున్నది. కారణము మనవి చేసెదను. మన సభ్యులలో నొకరి ఇంట చాల ఏండ్లుగా షెడ్డులో నిలిచిపోయిన కాంటెస్సా కారొకటి కలదు. వారి కుమారులిద్దరును దానిని బాగుచేసి, వారమంతయు వీధిలో నడుపుకొనుచు, శ్రీపెరుంబుదూరు చేరువ ఇరుంగాట్టుకోట్టైలోని పందెపు బాటపై అనుమతితో డ్రాగ్ పందెము జరిగినపుడు అందు దింపవలెనని ముచ్చటపడుచున్నారు. తండ్రిగారు బండిని తుక్కునకైనను అమ్మివేయుదునని పట్టుబట్టియున్నారు. పెద్దవాడు అమెరికానుండి ఇరుసు తెప్పింతమనును. చిన్నవాడు ఉన్న డిఫరెన్షియల్‌కే వెల్డింగు పెట్టింతమనును. ఒక ఇంట మూడు వారములుగా ముగ్గురును సరిగా మాటలాడుకొనుట లేదు. తుదకు తిరువళ్లూరులోని నా దుకాణమునకు వచ్చి తీర్పు చెప్పుమనిరి. నేను మెట్రిక్యులేషన్‌తో చదువు ముగించినవాడను, ఇంజనీరును కాను. అయినను ఇరువది ఏండ్లుగా మోటారు విడిభాగములు అమ్ముచు, విరిగి తిరిగివచ్చినవానిని చూచుచున్నవాడను. పదిమంది యెదుట చెప్పినచో తక్కిన యువకులకును ఉపకరించునని ఇచటకు తెచ్చితిని.

మోటారు పందెము మన ప్రాంతమునకు క్రొత్త గాదు. తిరువళ్లూరు జిల్లాలోని చోళవరమున, యుద్ధకాలపు విమానపు బాటపై, 1950ల నుండి 1980ల వరకు పందెములు జరిగినవి. ఇరుంగాట్టుకోట్టై బాట 1990లో ప్రారంభమైనది. కోయంబత్తూరులోని తెలుగు కుటుంబమున పుట్టిన కరివర్ధన్‌గారు మారుతి 800 ఇంజనుతో ఒంటిసీటు పందెపు కార్లు నిర్మించి, కొద్ది ఖర్చుతో యువకులకు అందుబాటు చేసిరి. 1995లో విమానప్రమాదమున వారు గతించిరి. చెట్టిపాళయముననున్న పందెపు బాట వారి పేరనే వెలసినది. కావున ఈ పిల్లల కోరికను నేను దుర్వ్యసనమని అనను. రాజబాటపై పందెము మాత్రము వేరు సంగతి. 1988 మోటారు వాహనముల చట్టము 189వ సెక్షను ప్రకారము అది నేరము.

ఇక విషయమునకు వత్తును. కళ్లమున బంతి కట్టినపుడు మేటి ప్రక్కనున్న ఎద్దు చిన్న అడుగులు వేయును, వెలుపలి ఎద్దు పెద్ద చుట్టు తిరుగును. కారు మలుపు తిరుగునపుడు వెనుక చక్రములు రెండును అట్లే వేర్వేరు దూరములు నడువవలెను. ఎద్దుబండికి ఈ చిక్కు లేదు. ఎద్దులు బండిని లాగును, చక్రములు ఇరుసుపై దేనికది తిరుగును. కారులో చక్రములే బండిని త్రోయవలెను. రెంటికిని బలమునిచ్చుచు, రెంటిని వేర్వేరు వేగములతో తిరుగనిచ్చుటకే స్టార్ గేర్లతో కూడిన డిఫరెన్షియల్ పుట్టినది. ఈ ఉపాయము ఇంచుమించు 200 ఏండ్ల నాటిది.

దీనియందొక లోపము గలదు. సాధారణ డిఫరెన్షియల్ రెండు చక్రములకును సమానమైన బలమునే పంచును. ఒక చక్రమునకు పట్టు తప్పినచో, అది మోయగలిగిన కొద్దిపాటి బలమే రెండవదానికిని దక్కును. కాంటెస్సా, అంబాసిడర్ వంటి బండ్లలో వెనుక ఇరుసు ఒకే గట్టి కడ్డీవలె నుండును. క్లచ్చి ఒక్కసారి వదలినపుడు ప్రొపెల్లర్ షాఫ్టు మెలిత్రిప్పుటవలన కుడి వెనుక చక్రము తేలికపడును. పందెమున ఆ ఒక్క చక్రమే పొగలు గ్రక్కుచు తిరుగుటయు, బండి నిలిచినచోటనే యుండుటయు ఇందుచేతనే. మన తిరువళ్లూరు కర్మాగారమున 1998 నుండి తయారైన లాన్సరునకు ఇంజను బలము ముందు చక్రములకే పోవును. వెనుక డిఫరెన్షియల్ లేనే లేదు. అందుచే ఈ చర్చయంతయు పాత బండ్లకును, జీపు జాతికిని, కొన్ని ఖరీదైన కార్లకును చెందినది.

చిన్నవాని వెల్డింగు మాట ముందు చెప్పెదను, ఏలనగా నేనే ఒకప్పుడు ఆ పని చేసినవాడను. నాకు ఇరువదిమూడవ యేట, మా పెదనాన్నగారి అంబాసిడర్‌కు నేనును మా అన్నయ్యయు నగరమున ఒక పనివానిచే స్టార్ గేర్లను కలిపి వెల్డింగు చేయించితిమి. తప్పు ఆయనది గాదు, వలదని చెప్పినను అడిగినది మేమే. పొడి నేలపై తిన్నగా పోవునపుడు మహా సంబరముగా నుండెను. వీధి మలుపులలో టైర్లు కీచుమని ఈడ్చుకొనిపోవుచుండగా దానినొక ఘనతగా చెప్పుకొంటిమి. ఒక సాయంకాలము చిరుజల్లులో ఇటు వచ్చుచుండగా, కనకమ్మసత్రము దాటిన పిదప ఒక మలుపున బండి ముందు తిరుగలేదు. పిదప వెనుకభాగము ఒక్కసారిగా ప్రక్కకు జారినది. చింతచెట్టు అడ్డుపడినది. అన్నయ్య మెడప్రక్క ఎముక విరిగినది. ఆనాడు వెనుక సీటులో మా వదినగారు లేకపోవుట దైవకృప. ఇరుసు విప్పి చూడగా ఆక్సిల్ షాఫ్టు మెలిపడియుండెను. కొన్ని బండ్లలో ఆ షాఫ్టే చక్రమును మోయును. అది విరిగినచో చక్రము ఊడి బయటికే వచ్చును. ట్రాలీపై తెచ్చి, పందెము నడిపి, మరల ట్రాలీపైనే తీసికొనిపోవు బండికి చక్రములు రెండును కట్టివేయుట తగును. అమ్మను గుడికి తీసికొనిపోవు బండికి తగదు.

పెద్దవాని అమెరికా ఇరుసు సంగతి. ఫోర్డు సంస్థ 1957 మోడళ్లకు తెచ్చిన 9 అంగుళముల ఇరుసు అచటి పందెగాండ్రకు మిక్కిలి ప్రియమైనది. పినియన్‌కు మూడవ బేరింగు ఆధారముండుటచే చాల బలమైనది. క్రౌను, పినియను గల తలకాయ ముందునుండి ఊడివచ్చుటచే పళ్ల నిష్పత్తి మార్చుట సులభము. కాని బరువెక్కువ; పినియన్ చాల దిగువ నుండుటచే పళ్ల రాపిడిలో కొంత బలము వృథా యగును. వెడల్పు కోయించవలెను, సుంకము కట్టవలెను. కాంటెస్సాలోని 1.8 లీటరు ఇసూజు ఇంజను బలము 88 అశ్వశక్తి మాత్రమే. ఇది పిచ్చుకపై బ్రహ్మాస్త్రము. ఆ డబ్బుతో మంచి టైర్లు, బ్రేకులు వచ్చి ఇంకను మిగులును.

నడిమి మార్గము లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. 1956లో ప్యాకార్డు కంపెనీ దానిని అమ్మకపు కార్లకు అమర్చినది. ఇందొక జాతికి లోపల చిన్న క్లచ్చి ప్లేట్లుండును. ఒక చక్రము విడిగా పరుగెత్తబోవగా అవి పట్టుకొని కొంత బలమును రెండవదానికి మరల్చును. పందెపు ఆరంభమునకు ఇది మంచిది. కాని ప్లేట్లు అరుగును, దానికి తగిన నూనెయే పోయవలెను, ప్లేట్ల బిగువు అతిగా పెట్టినచో వర్షమున వెల్డింగునకు చుట్టమగును. ఇంకొకటి టార్సెన్ జాతి. 1958 నాటి పేటెంటు. మెలిపళ్ల గేర్లతో పనిచేయును, అరుగు ప్లేట్లు లేవు, వీధిలో మిక్కిలి సాధువు. అయితే అది పట్టులేని చక్రము మోయు బలమును ఇన్ని రెట్లు చేసి రెండవదానికిచ్చును. ఆ చక్రము గాలిలోనికి లేచినచో సున్నను ఎన్ని రెట్లు చేసినను సున్నయే. మహీంద్రా థార్ వంటి బండ్లలో వచ్చు, తనంతట తానే బిగిసికొను లాకరు బురదకొరకు పుట్టినది. పందెపు గీటుపై దాని పని కాదు. వీధికిని గీటునకును ఒకే బండి కోరువాడు, తన ఇరుసునకు సరిపోవునది దొరికినచో, తక్కువ బిగువుతో ప్లేట్ల జాతిని ఎన్నుకొనవలెనని నా అభిప్రాయము. నిజము చెప్పవలెనన్న కాంటెస్సా ఇరుసునకు సరిపోవునది నా దుకాణమున ఎన్నడును అమ్మియుండలేదు, ప్రత్యేకముగా చేయింపవలెను.

పిల్లలు మరచిన సంగతి ఒకటి కలదు: పళ్ల నిష్పత్తి. డిఫరెన్షియల్ జాతికంటె ముందు తేల్చవలసినది ఇదియే. ఉదాహరణకు క్రౌనుకు 41, పినియన్‌కు 9 పళ్లైనచో నిష్పత్తి 4.56, 43, 11 ఐనచో 3.91. టైరు చుట్టుకొలత 1.93 మీటర్లనుకొందము. ఇంజను తిరుగుడు నేరుగా షాఫ్టునకు వచ్చు గేరున గంటకు 80 కిలోమీటర్లు పోవుటకు మొదటిదానితో ఇంజను నిమిషమునకు ఇంచుమించు 3,150 చుట్లు, రెండవదానితో 2,700 చుట్లు తిరుగవలెను. పెద్ద నిష్పత్తి గీటుపై చురుకుగా లేపును. కాని ఇరుంగాట్టుకోట్టై నుండి తిరుత్తణికి గల డెబ్బది ఎనుబది కిలోమీటర్లును ఇంజను అరచుచునే రావలెను, పెట్రోలు త్రాగును. పైగా 402 మీటర్ల గీటు తుదిలో గేరు మార్చవలసివచ్చినచో ఆరంభమున సంపాదించినదంతయు అచట పోవును. ఇంజను గరిష్ఠబలము చూపు వేగముననే, ఉన్న గేరులోనే, గీటు దాటునట్లు లెక్కవేసికొనవలెను. అంతకు మించి పెంచిన ప్రతి అంకెయు ఇంటి దారిలో భారమే.

88 అశ్వశక్తి బండికి రెండవ గేరు పడిన పిదప రెండు చక్రములును చక్కగానే పట్టును. డిఫరెన్షియల్ మార్చుటవలన లాభము మొదటి కొలది గజములలోనే. అందుచే నా తీర్పు ఇది. తండ్రిగారు బండి అమ్మరాదు. వెల్డింగు లేదు, అమెరికా ఇరుసు లేదు. ఉన్న సాధారణ డిఫరెన్షియల్‌నే క్రొత్త బేరింగులతో, క్రొత్త సీళ్లతో సరిచేసి ఒక ఏడాది నడుపవలెను. ఆరంభమున ఎంత కాలము పోవుచున్నదో గడియారముపై చూచుకొని, అప్పటికిని కోరిక తీరనిచో ప్లేట్ల జాతిని చేయించుకొనుడు; అందులో కొంత ఖర్చు నేనును భరింతును. ఆక్సిల్ షాఫ్టులను మాత్రము ఇప్పుడే పగుళ్లకై పరీక్ష చేయింపవలెను.

ఆ బండి 2015 డిసెంబరు వరదలలో మునిగియుండెనని తండ్రిగారు మొన్న మాటల సందున సెలవిచ్చిరి. ఆనాటినుండి ఇరుసు నూనె మార్చలేదట! నూనె పాలవలె తెల్లగా వచ్చినచో నీరు చేరినట్లే. క్రౌను పళ్లపై తుప్పు గుంటలున్నచో ఆ జత పనికిరాదు, నిష్పత్తి మార్చుటకు అదే సమయము. పై ఆదివారము ఉదయము ఎనిమిది గంటలకు బండిని లారీపై దుకాణమునకు తెండు. తండ్రిగారును తప్పక రావలెను. పాత నూనె పట్టుటకు వెడల్పాటి పళ్లెమొకటి తెచ్చుకొనుడు. నా దుకాణములోనిది చిల్లిపడినది.