శీతలదేశము – దేహధర్మము
(గ్రంథాలయ రజతోత్సవ సభలోని ప్రసంగపాఠము)



తెలుగువారికి హిమాలయమనగానే ముందు జ్ఞప్తికి వచ్చువాడు ప్రవరుడు. అల్లసాని పెద్దన పదునాఱవ శతాబ్దమున రచించిన మనుచరిత్రములో, అరుణాస్పదపురవాసియైన ఆ గృహస్థు సిద్ధుడొసగిన పాదలేపమును పూసికొని క్షణములో మంచుకొండ చేరెను. మంచునీటికి లేపము కరగిపోగా మరలివచ్చు దారి లేక చిక్కుపడెను. తుదకు అగ్నిదేవుని ప్రార్థించి, ఆయన అనుగ్రహమున ఇల్లు చేరెను. ఈ కథలో రసికులు వరూధినిని చూతురు. ధర్మజ్ఞులు ప్రవరుని నిష్ఠను చూతురు. ఆరోగ్యము కోరువారు గ్రహింపదగిన సంగతి యొకటి కూడ అందు కలదు. పెద్దన దానిని ఉద్దేశించి వ్రాసెనని చెప్పరాదు గాని, కథ మాత్రము ఆ అర్థమునకు చక్కగా ఒదుగును. చలిసీమకు మనిషిని క్షణములో చేర్చిన సాధనము అక్కడ అతనిని ఆదుకొనలేదు. ఇల్లు చేర్చినది అగ్ని. అట్టి అగ్ని ప్రతి మనుష్యుని దేహములోను కలదు. దానిని పోషించుట యెట్లు, అది ఆఱిపోకుండ చూచుకొనుట యెట్లు అనునదే ఈ ప్రసంగవిషయము.

నిజామాబాదు, బోధను ప్రాంతముల ప్రజలకు ఎండతో చిరకాల పరిచయము. వేసవిలో 45 డిగ్రీలకు చేరు ఎండను చూచినవారు వీరు. గల్ఫు దేశములలో చెమటోడ్చి ఇల్లు నిలిపినవారును వీరిలో అనేకులు. ఇప్పుడు ఈ గ్రామముల బిడ్డలు వేఱొక దిక్కునకు కూడ పోవుచున్నారు. కొందరు సైన్యమున చేరి లడఖు కొండలలో కావలి కాయుదురు. కొందరు చదువునకై కెనడాకును, అమెరికా ఉత్తరభాగములకును పోవుదురు. పెట్టె సర్దుచు తల్లి, "ఆ చలికి పిలగాడు తట్టుకుంటడా?" అని అడుగును. పొరుగువారిలో ఒకరు "అలవాటైపోతది" అందురు. మఱొకరు "మన రక్తం ఆ చలికి ఆగదు" అందురు. ఈ రెండు మాటలలోను సగము సత్యమే కలదు. తక్కిన సగము తెలియకపోవుట ప్రాణములకు ముప్పు.

మొదట దేహాగ్ని సంగతి. ఋతువు ఏదైనను మనుష్యదేహములోని వేడి ఇంచుమించు 37 డిగ్రీల సెంటీగ్రేడు. అది 35కు దిగువకు పడినచో దేహము శీతలముచే దెబ్బతినుచున్నదని వైద్యులు గణింతురు. ఇంచుమించు 32 డిగ్రీలకు దిగువ వణకు నిలిచిపోవును, తెలివి మందగించును, మాట తడబడును. 28కి దిగువ గుండె లయ తప్పి ఆగిపోవు ప్రమాదము కలదు. కావున చలిలో తడిసినవానికి వణకు ఆగెనని సంతోషింపరాదు. పొయ్యిలో ఇంధనము తీరినదనుటకు అది గుర్తు కావచ్చును.

బోధను శక్కర్‌నగరులో 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారము 2015 చివర మూతపడినది గాని, అక్కడ పనిచేసినవారు నేటికిని గ్రామగ్రామమున కలరు. చెఱకు పిండగా మిగిలిన పిప్పి బాయిలరులో మండి, ఆవిరియై యంత్రములను ఎట్లు నడుపునో వారెఱుగుదురు. దేహమునందును అట్టి వ్యవస్థయే కలదు. అన్నము, బెల్లము, నూనె, నెయ్యి ఇంధనములు, కండలు బాయిలరులు. చలి సోకగానే దేహము మూడు పనులు చేయును. మొదటిది పొదుపు: చర్మములోని రక్తనాళములు ముడుచుకొని వేడినెత్తురును గుండె, మెదడు మొదలగు ముఖ్యావయవముల యొద్ద నిలుపును. అందుచేతనే వ్రేళ్లు, చెవులు, ముక్కుకొన ముందుగా మొద్దుబాఱును. రెండవది వణకు: కండలు పని లేకయే కదలి, విశ్రాంతిలో పుట్టు వేడికి నాలుగైదు రెట్లు పుట్టింపగలవు. మూడవది గోధుమవన్నె కొవ్వు. వేడి పుట్టించుటయే పనిగా గల ఈ కొవ్వు పసిపిల్లలలో అధికము. పెద్దలలో కూడ కొంత మిగిలి పనిచేయునని 2009లో స్పష్టముగా నిరూపింపబడినది.

ఇంత ఏర్పాటు ఉన్నను, మనుష్యుడు పుట్టుకచేత ఉష్ణదేశపు ప్రాణి. అతని ఆదిమనివాసము ఆఫ్రికా. ఎండకు ఒకటి రెండు వారములలో దేహము చక్కగా అలవడును: చెమట త్వరగా పట్టును, ఆ చెమటలో ఉప్పు తగ్గును. చలికి అంత గొప్ప అలవాటు ఏర్పడదు. నెలల కొలది చలిలో నున్నవానికి వణకు కొంత తగ్గవచ్చును, చలిబాధ మునుపటివలె తోపకపోవచ్చును. అంతమాత్రమున మంచు వానిని విడిచిపెట్టదు. ఇక్కడనే "అలవాటైపోతది" అను మాట మోసము చేయును.

మఱి ఉత్తరధ్రువ ప్రాంతములలో వేల సంవత్సరములుగా ఇన్యూట్ ప్రజలు ఎట్లు జీవించుచున్నారు? దేహము కొంత సహాయము చేసినది. బెల్లము వండునపుడు పెద్ద పెనములోని పాకము ఆఱుటకు చాలసేపు పట్టును. దానినే చిన్నగిన్నెలో పోసినచో వెంటనే ఆఱును. దేహమునందును ఇదే న్యాయము. బలిసిన మొండెము, పొట్టికాళ్లు, పొట్టిచేతులు గలవారిలో వేడి ఎక్కువకాలము నిలుచును. ఇన్యూట్ ప్రజల దేహనిర్మాణము ఇంచుమించు ఇట్టిది. చేపలు, సీలు జంతువుల కొవ్వు వారి ప్రాచీనాహారము. అట్టి కొవ్వును వినియోగించుకొనుటకు అనుకూలమైన మార్పులు వారి జన్యువులలో కలవని గ్రీన్‌లాండులో జరిగిన పరిశోధన 2015లో వెల్లడించినది. అయినను వారిని ముఖ్యముగా కాపాడినది వారి నేర్పు. జంతుచర్మములతో రెండు పొరలుగా కుట్టిన దుస్తులు, మంచుతో కట్టిన గుడిసె, తడి తగులకుండ చూచుకొను జాగ్రత్త – ఇవి తల్లి నుండి బిడ్డకు సంక్రమించిన విద్యలు. ఉష్ణదేశపు గాలిని తన దుస్తులలో బంధించి వెంట తీసికొనిపోవుటయే చలిసీమలో మనిషి చేసిన ఉపాయము.

హిమాలయమున చలితోపాటు మఱొక శత్రువు కలదు: పలుచని గాలి. 8,848 మీటర్ల ఎత్తుగల ఎవరెస్టు కొనపై గాలి ఒత్తిడి సముద్రతీరమున నున్నదానిలో మూడవవంతు మాత్రమే. ప్రాణవాయువు చాలనిచో లోపలి అగ్ని కూడ మందగించును. గాలి ఆడని పొయ్యి మండదు గదా. టిబెట్టు ప్రజలకు ఈ విషయమున పుట్టుకతోనే ఒక వరము కలదు. మైదానవాసి ఎత్తునకు పోయినచో ఎఱ్ఱకణములు పెరిగి రక్తము చిక్కబడును; అది మితిమీరినచో హాని. టిబెట్టువారిలో రక్తము అంతగా చిక్కబడదు. దీనికి కారణమైన జన్యువు 2010లో గుర్తింపబడెను. డెనిసోవన్లు అను అంతరించిన ప్రాచీన మానవజాతి నుండి అది వారికి సంక్రమించినదని 2014లో తేలెను.

తెలుగువానికి ఆ వారసత్వము లేదు. అతనికి గల సాధనము కాలము. ఎత్తునకు చేరిన కొన్ని గంటలలో శ్వాస వేగమగును. కొన్ని దినములలో మూత్రపిండములు రక్తములోని సమత్వమును సరిదిద్దును. కొన్ని వారములలో ఎఱ్ఱకణములు పెరుగును. తొందరపడినవానికి తలనొప్పి, వాంతులు, నిద్రలేమి కలుగును. వానిని లెక్కచేయక పైకి పోయినచో ఊపిరితిత్తులలో నీరు చేరుట, మెదడు వాచుట సంభవించి ప్రాణము పోవచ్చును.

ఈ పాఠమును మన దేశము గొప్ప మూల్యము చెల్లించి నేర్చుకొనెను. 1962 చైనా యుద్ధకాలమున సైనికులను మైదానముల నుండి హఠాత్తుగా ఎత్తైన సీమలకు తరలింపవలసి వచ్చెను. అట్లు పోయినవారి జబ్బులను భారత సైనికవైద్యులు శ్రద్ధగా పరిశీలించిరి. 1,925 మంది సైనికులను గూర్చి ఇందర్ సింగ్ బృందము 1969లో ప్రకటించిన వ్యాసము ఈ విద్యలో ప్రసిద్ధమైనది. నేడు సైన్యములో నియమము కలదు: 9,000 అడుగులు దాటిన పిమ్మట ఆఱు దినములు, 12,000 దాటిన పిమ్మట నాలుగు దినములు, 15,000 దాటిన పిమ్మట మఱి నాలుగు దినములు ఆగి ఆగి దేహమును అలవఱచిన పిమ్మటనే సైనికుడు పైకి పోవలెను. 1984 ఏప్రిలులో సియాచిన్ హిమానదమునకు సేనలు పోయిన కార్యమునకు కాళిదాసు కావ్యమైన మేఘదూతము పేరే పెట్టిరి. అక్కడ శత్రువుల గుండ్లకన్న చలికిని, మంచుచరియలకును బలియైన జవానులే ఎక్కువ.

ఇక ఈ ధర్మమునకు మన జిల్లాలోనే పుట్టిన దృష్టాంతము చూడుడు. సిరికొండ మండలము పాకాల గ్రామమున వ్యవసాయకూలీలైన గిరిజన దంపతులకు జన్మించిన మాలావత్ పూర్ణ తాడ్వాయిలోని సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదివెను. 2014 మే 25న, 13 సంవత్సరముల 11 నెలల ప్రాయమున, ఆమె ఎవరెస్టు శిఖరము నెక్కెను. అప్పటికి ఆ శిఖరము నధిరోహించిన బాలికలలో ఆమెయే అందరికన్న పిన్నది. ఖమ్మం జిల్లాకు చెందిన గురుకుల విద్యార్థి సాధనపల్లి ఆనందకుమార్ ఆ యాత్రలో ఆమెకు తోడు. ఈ వార్త విని "దైవబలము" అన్నవారు కొందరు, "మొండిధైర్యము" అన్నవారు కొందరు. ఆమె నడచిన దారిని వరుసగా చూచినచో మఱొక సంగతి తెలియును.

ఆమె మొదట ఎక్కినది ఎవరెస్టు కాదు, భువనగిరి ఏకశిల. ఆ ఎండరాతిపై పట్టు, అడుగు నేర్చిన పిమ్మట, 1954లో స్థాపింపబడిన డార్జిలింగు పర్వతారోహణ సంస్థలో శిక్షణ పొందెను. ఆ మీదట చలికాలపు లడఖులో మంచును, పలుచని గాలిని దేహమునకు పరిచయము చేయించిరి. ఎవరెస్టు ఉత్తరపార్శ్వమున, టిబెట్టు వైపున, 5,200 మీటర్ల వద్ద మూలశిబిరము. 6,400 వద్ద మఱొకటి. 7,000 మీటర్ల కనుమపై ఇంకొకటి. ఆరోహకులు పైకి పోయి, దిగివచ్చి, విశ్రమించి, మరల కొంచెము పైకి పోవుదురు. పగలు ఎత్తున పనిచేసి రాత్రి పల్లమున నిద్రించుట వారి సూత్రము. ఆ యాత్ర ఇంచుమించు 52 దినములు సాగెను. పిన్నవయస్సు, చిన్నదేహము గలవారికి వేడి త్వరగా పోవును గనుక, పెద్దలు వెంటనుండి చూచుకొనని యెడల ఏ పిల్లలకును ఇది సాహసింపదగిన పని కాదు. పిమ్మట ఆమె 2019లో దక్షిణధ్రువఖండపు విన్సన్ శిఖరమును, 2022లో అలాస్కాలోని డెనాలీని ఎక్కి, ఏడు ఖండముల మహోన్నతశిఖరములను ముగించెను. డెనాలీ ఎత్తు 6,190 మీటర్లే. ధ్రువములవైపు వాయుమండలము పలుచబడుట వలన అక్కడి గాలి ఆ ఎత్తునకు తగినదానికన్న పలుచన.

"మన రక్తం ఆ చలికి ఆగదు" అన్నవారికి పాకాల బిడ్డయే సమాధానము. "అలవాటైపోతది" అన్నవారికిని ఆమెయే సమాధానము: ఏదియు ఊరకే అలవడలేదు, మెట్టు వెంబడి మెట్టుగా అలవఱచుకొనెను. ఆ మెట్లు కట్టి యిచ్చిన పాఠశాల యొకటి యుండుటచేతనే కూలీల బిడ్డ అంత ఎత్తునకు చేరగలిగెను.

నేటి పాదలేపము విమానము. ఢిల్లీలో ప్రొద్దుట ఎక్కినవాడు గంటన్నరలో 3,500 మీటర్ల ఎత్తునగల లేహ్ పట్టణమున దిగును. దేహము మాత్రము ఇంకను ఢిల్లీలోనే యుండును. కావున అట్లు దిగినవాడు తక్కువలో తక్కువ రెండు దినములు విశ్రమింపవలెను. 3,000 మీటర్లు దాటిన పిమ్మట నిద్రించు తావును దినమునకు 500 మీటర్లకు మించి పెంచరాదు. తలనొప్పితో వాంతియైనచో పైకి పోరాదు. ఊపిరి ఆడకున్నను, అడుగు తడబడినను వెంటనే దిగవలెను. దిగుటయే మొదటి మందు.

చలిదేశములకు పోవు విద్యార్థులు ఒక మందపుకోటుకన్న పలుచని పొరలు మూడు ధరించుట మేలు. పొరల నడుమ నిలిచిన గాలియే వేడిని కాచును. తడిసిన మేజోళ్లు వెంటనే మార్చవలెను. మద్యము చలిని పోగొట్టునను మాట అబద్ధము. అది చర్మపు రక్తనాళములను విప్పి లోపలి వేడిని బయట పాఱబోయును. మంచుకాటు తిన్న వ్రేళ్లను రుద్దరాదు, మంటకు చూపరాదు. మరల గడ్డకట్టు భయము లేని చోట గోరువెచ్చని నీటిలో నుంచి వైద్యుని యొద్దకు పోవలెను. ఉత్తరదేశముల శీతకాలపు ఎండలో బలము తక్కువ. నల్లని చర్మమునకు డి విటమిను చాలదు. వైద్యుని అడిగి దానిని పూరించుకొనవలెను. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి ఎన్నడును ఉంచరాదు. వాసన లేని విషవాయువు నిద్రలోనే ప్రాణము తీయును. ఈ జాగ్రత్త లడఖులోనే గాక, పుష్యమాసపు రాత్రి మన యిండ్లలోను అవసరము.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయములో మనుచరిత్రమును చదివినవారు కలరు, వార్తాపత్రికను చదివినవారు కలరు. ఆరోగ్యశాస్త్ర గ్రంథములను కూడ కొన్నిటిని తెప్పించి, చలిసీమకు పోవు ప్రతి బిడ్డకు ప్రయాణమునకు ముందే చదివి వినిపించు ఏర్పాటు ఈ రజతోత్సవ సంవత్సరమున జరుగుగాక. పెట్టె సర్దుచున్న తల్లి అడిగిన ప్రశ్నకు గ్రామములోనే సరియైన సమాధానము దొరకుగాక. స్వస్తి.