చరిత్ర తరగతిలో మేము కోరేదేమిటి?
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ మీడియం పంతులు తెలుగులో మాట్లాడతాడేమిటని కొందరికి అనిపించవచ్చును. మన సభ్యులలో ఇంట్లో తెలుగే మాట్లాడుకునే కుటుంబాలున్నాయి. ఉర్దూ మాట్లాడినా చదవడం మాత్రం తెలుగే వచ్చిన యువకులున్నారు. సావనీరు అందరి ఇళ్లలోనూ చదవాలని కార్యదర్శిగారు కోరారు గనుక తెలుగులోనే మనవి చేసుకుంటున్నాము.

విద్య గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు సంగతి ఏటేటా ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. చరిత్రను ఎవరూ అడగరు. తల్లిదండ్రుల సమావేశం పెడితే మా దగ్గర ఒక్క నిమిషం ఆగి, "సోషల్‌లో గట్టెక్కుతాడు గదా మాస్టారూ" అని, లెక్కల సారు బల్ల దగ్గరకు వెళ్లిపోతారు. వారిని తప్పు పట్టడం లేదు. ఉద్యోగం తెచ్చేది లెక్కలేనని వారి నమ్మకం. కానీ చరిత్ర తరగతిలో మేము ఏం చేస్తున్నామో, పిల్లల నుండి ఏం ఆశిస్తున్నామో, ఏయే నియమాలు పెట్టుకున్నామో మీకు చెప్పవలసిన అవసరం ఇప్పుడు ఎక్కువైంది.

ఎందుకంటే, పదో తరగతి వరకూ మన పిల్లవాడు మనవాళ్ల మధ్యనే చదువుతాడు. ఆ తర్వాత ఇంటర్మీడియట్‌కు వేరే మీడియంలో, కొత్తవాళ్ల మధ్య కూర్చుంటాడు. అక్కడ ఎవడో ఒకడు ఔరంగజేబు సంగతి ఎత్తుతాడు. ఇంకొకడు రజాకార్ల సంగతి ఎత్తుతాడు. మనవాడికి విషయం తెలియకపోతే రెండే పనులు చేస్తాడు. తల వంచుకొని నోరు మూసుకుంటాడు, లేదా కొట్లాటకు దిగుతాడు. కొందరు ఆ కాలేజీయే మానేసి దుకాణంలో కూర్చుంటున్నారు. ఈ మూడింటిలో ఏదీ మాకు ఇష్టం లేదు. నెమ్మదిగా, తెలిసినంతవరకు సరిగ్గా, కోపం లేకుండా జవాబు చెప్పగలిగిన పిల్లలు కావాలి. అందుకే చరిత్ర తరగతిని గట్టెక్కే సబ్జెక్టుగా వదిలెయ్యలేకపోతున్నాము.

మా ఉర్దూలో చరిత్రకూ తేదీకీ ఒకటే మాట, తారీఖ్. అందువల్లనేమో చరిత్ర అంటే తేదీల పట్టీ అనే అభిప్రాయం పిల్లల్లో బాగా నాటుకుపోయింది. తేదీలు రావాలి, కాదనడం లేదు. పైగా మన పిల్లలకు మూడు లెక్కలు రావాలంటాము. హిజ్రీ సంవత్సరం చంద్రుణ్ణిబట్టి నడుస్తుంది గనుక సూర్యమానం కన్నా సుమారు 11 రోజులు తక్కువ. ఉజ్జాయింపుగా హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో హెచ్చవేసి 622 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. చార్మినారుకు చెప్పే హిజ్రీ 1000 ఈ లెక్కన 1592 వద్దకు చేరుతుంది. నిజానికి ఆ సంవత్సరం 1591 అక్టోబరులో మొదలైంది. అందుకే పుస్తకాల్లో 1591 అని వేస్తారు. దక్కను ఫసలీకి అయితే 590 కలిపితే చాలు. ఫసలీ 1350 అంటే 1940. నిజాం రాజ్యంలోని పాత భూమి కాగితాలమీద ఎక్కువగా ఫసలీయే ఉంటుంది, రాత చాలావాటిలో ఉర్దూలో ఉంటుంది. ఊళ్లలో రైతులు ఆ కాగితాలు పట్టుకొని చదివేవారికోసం తిరుగుతూనే ఉన్నారు. మన పిల్లవాడు ఆ శికస్తా రాత చదివి, సంవత్సరం లెక్కగట్టి చెబితే ఆ రైతుకు ఎంత ఉపకారం! ఉర్దూ మీడియంలో చదివిన చరిత్రకు ఇదొక నికరమైన ప్రయోజనం.

ఇక మా తరగతి నియమాలు. 8, 9, 10 తరగతులకు ఇవే.

ఒకటి. ఏ మాట చెప్పినా "ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు" అన్నది కూడా చెప్పాలి. పాఠ్యపుస్తకమా, శాసనమా, ఆ కాలపువాడు రాసినదా, వందేళ్ల తర్వాత వాడు రాసినదా? సెల్‌ఫోనులో వచ్చింది అంటే మేము ఒప్పుకోము. అది మనవాళ్లను పొగిడినదైనా సరే, తిట్టినదైనా సరే. పొగిడినది వెంటనే నమ్మి, తిట్టినదానికి మాత్రం రుజువు అడిగే అలవాటు మన ఇళ్లలో కూడా ఉన్నది. అది పోవాలి.

రెండు. తరగతిలో "మన రాజు, వాళ్ల రాజు" అనే మాట వాడకూడదు. రాజు పేరు, రాజ్యం పేరు చెప్పాలి. ఇది మర్యాద కోసం పెట్టిన నియమం మాత్రమే కాదు, మన రాష్ట్రాల చరిత్ర ఆ మాటల్లో ఇమడదు. ఇబ్రహీం కుతుబ్‌షా రాజు కాకముందు విజయనగరంలో రామరాయల ఆశ్రయంలో ఏడేళ్లు ఉన్నాడు. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడు అన్నారు. అద్దంకి గంగాధర కవి ఆయనకు కావ్యం అంకితమిచ్చాడు. ఆయన అధికారి అమీన్‌ఖానుకు పొన్నికంటి తెలగన్న అచ్చతెలుగులో రాసిన యయాతి చరిత్రమును అంకితమిచ్చాడు. అదే ఇబ్రహీం 1565లో మిగతా సుల్తానులతో కలిసి రామరాయలమీద యుద్ధానికి వెళ్లాడు. ఆ రామరాయల సైన్యంలో ముస్లిం సేనానులు కూడా ఉన్నారు. మరి ఇందులో ఎవరు మనవాళ్లు, ఎవరు పైవాళ్లు?

1687 సంగతీ అంతే. ఎనిమిది నెలల ముట్టడి తర్వాత గోలకొండను తీసుకున్న ఔరంగజేబు ముస్లిం. ఓడి దౌలతాబాదు కోటలో ఖైదీగా బతికిన తానాషా ముస్లిం. తానాషా రాజ్యాన్ని నడిపిన అక్కన్న మాదన్నలు బ్రాహ్మణులు. ఆ ముట్టడికి ముందే, 1686లో, వారు హత్యకు గురయ్యారు. ఈ పాఠం సరిగ్గా చదివిన పిల్లవాణ్ణి "నువ్వు ఔరంగజేబు వంశమా" అని ఎవడైనా ఎగతాళి చేస్తే, "ఆయన పడగొట్టింది మన గోలకొండనే గదా" అని నవ్వుతూ చెప్పగలడు.

మూడు. ఏ రాజు చేసిన పనికీ తరగతిలోని ఏ పిల్లవాడూ సంజాయిషీ చెప్పనక్కరలేదు. మేము అడగము, తోటి పిల్లలను అడగనివ్వము. అదేవిధంగా ఏ పిల్లవాడూ ఒక రాజు గొప్పతనాన్ని తన గొప్పతనంగా చెప్పుకోరాదు. రెండూ ఒకే నియమం. సంజాయిషీ వద్దంటూ గొప్ప మాత్రం మాకు కావాలంటే కుదరదు.

నాలుగు. చేదు సంగతులు దాటవెయ్యము. దీనిమీద కొందరు పెద్దలు మాతో విభేదిస్తున్నారని తెలుసు గనుక కొంచెం వివరంగా చెప్పనివ్వండి. 1948 పాఠం వచ్చినప్పుడు "ఆ గొడవలన్నీ పిల్లలకెందుకు మాస్టారూ, పరీక్షకు వచ్చినంత చెప్పండి" అంటారు. వారి భయం మాకు అర్థమౌతుంది. కొన్ని ఇళ్లలో ఆ సంవత్సరం పేరెత్తితే ఈనాటికీ ముసలమ్మలు లేచి లోపలికి వెళ్లిపోతారు. కానీ మేము చెప్పకపోతే ఇంకెవరో చెబుతారు, సగమే చెబుతారు.

మేము చెప్పేది ఇది. రజాకార్లు పల్లెలమీద పడి చేసిన దౌర్జన్యాలు నిజం. ఇమ్రోజ్ ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ హైదరాబాదు రాజ్యం ఇండియాలో చేరాలని రాసినందుకు 1948 ఆగస్టులో ఆయనను చంపారు. ఆయన ముస్లిం, ఆయన రాసింది ఉర్దూలో. రాజ్ బహదూర్ గౌర్‌తో భుజం కలిపి నిజాం పాలనను ఎదిరించిన మఖ్దూం మొహియుద్దీన్ కూడా ఉర్దూ కవే. సెప్టెంబరు 13న సైనిక చర్య మొదలైంది, 17న నిజాం లొంగిపోయాడు. ఆ తర్వాత మరాఠ్వాడా, కర్ణాటక జిల్లాల్లో, కొంతవరకు తెలంగాణలో కూడా అమాయకులైన ముస్లింలు వేలాదిగా చనిపోయారు. అది కూడా నిజం. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిత సుందర్‌లాల్ బృందం, తక్కువలో తక్కువ 27 వేల నుండి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ బృందంలో ఖాజీ అబ్దుల్ గఫార్ కూడా ఉన్నారు. తమ ఇరుగుపొరుగు ముస్లింలను ప్రాణాలకు తెగించి కాపాడిన హిందువుల సంగతి కూడా ఆ నివేదికలో ఉన్నది.

ఈ మొత్తం ఒకే పాఠంగా చెప్పాలి. ఒక ముక్క తీసేస్తే మిగతాది అబద్ధమౌతుంది. మొదటి సగం మాత్రమే విన్న పిల్లవాడు సిగ్గుతో కుంగిపోతాడు. రెండో సగం మాత్రమే విన్నవాడు పగతో పెరుగుతాడు. రెండూ విన్నవాడు ఆలోచిస్తాడని మా ఆశ. అయితే ఇంట్లో ఎవరికి ఏం జరిగిందో తరగతిలో చెప్పమని ఏ పిల్లనూ బలవంతం చెయ్యము. తనంతట తాను చెబితే వింటాము.

1857 పాఠం కూడా ఇలాగే. ఆ ఏడాది జులై 17న తుర్రెబాజ్‌ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ హైదరాబాదులో బ్రిటిషు రెసిడెన్సీమీద దాడి చేశారు. ఆ దాడి సంగతి ముందే రెసిడెంటుకు అందజేసి, ఇంగ్లీషువారి పక్షాన నిలిచినవాడు దివాను సాలార్‌జంగ్. తుర్రెబాజ్‌ఖాన్ ప్రాణం పోయింది, మౌల్వీగారు అండమాను పాలయ్యారు. సాలార్‌జంగ్ రాజ్యానికి పద్ధతైన పాలన తెచ్చి గొప్ప దివానన్న పేరు పొందాడు. ఎవరిది సరైన దారి అని మేము పిల్లలను రెండు జట్లు చేసి వాదింపజేస్తాము. మరునాడు జట్లు మార్చి ఎదుటివారి పక్షాన వాదించమంటాము. నిన్న తాను కొట్టిపారేసిన మాటనే ఈరోజు నిలబెట్టాలి. ఇది పిల్లలకు మొదట కష్టంగా ఉంటుంది, తర్వాత అదే తెగ నచ్చుతుంది.

అయిదు. జవాబు సొంత మాటల్లో ఉండాలి. గైడులో ఉన్నది ఉన్నట్టు దింపితే ఆ జవాబు కొట్టేసి, మళ్లీ రాయిస్తాము. భాషలో తప్పులు దిద్దుతామే గాని మార్కులు తగ్గించము. ఇప్పటి పరీక్షల్లో ఇచ్చిన పేరా చదివి అభిప్రాయం రాయండి, పటంలో గుర్తించండి అని అడుగుతున్నారు. బట్టీ పట్టినవాడు అక్కడ ఆగిపోతాడు. కాబట్టి నియమానికీ మార్కులకూ గొడవ లేదు.

ఆరు. ప్రతి పిల్లకూ మాటల నోటుబుక్కు ఒకటి ఉండాలి. ఒక వరుసలో ఉర్దూ మాట, పక్కన తెలుగు, దాని పక్కన ఇంగ్లీషు మాట. జమ్హూరియత్ అంటే ప్రజాస్వామ్యం, డెమోక్రసీ. ఇంక్విలాబ్ అంటే విప్లవం, రివల్యూషన్. ఆయీన్ అంటే రాజ్యాంగం, కాన్‌స్టిట్యూషన్. మన పిల్లలు ఇంటర్మీడియట్‌లో వెనుకబడేది తెలివి లేక కాదు, తెలిసిన విషయమే తెలియని పేరుతో వినబడుతుంది గనుక. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంలో మొదలైనప్పుడు, అంతకు ముందు ఏడాదే దారుల్ తర్జుమా పెట్టి పెద్ద పెద్ద పుస్తకాలు ఉర్దూలోకి తెచ్చుకున్నారు. ఇప్పుడు మా పిల్లలు ఆ పనిని తిరగేసి, ఉర్దూ నుండి బయటికి ఒక చిన్న వంతెన కట్టుకుంటున్నారు.

ఏడు. హాజరు. శుక్రవారం జుమా తర్వాత పీరియడుకు పది నిమిషాలు ఆలస్యమైతే ఏమీ అనము. రంజాన్‌లో ఇంటిపని తగ్గిస్తాము. సాయంత్రం పంక్చరు షాపులో, బట్టల కొట్లో పని చేసే పిల్లలు ఇంటిపని మూడు రోజుల్లోగా ఎప్పుడిచ్చినా తీసుకుంటాము. అడగడానికి సిగ్గుపడి బడి మానడం మాత్రం వద్దు. కారణం చెబితే గడువు ఉంటుంది, చెప్పకుండా ఎగ్గొడితే ఉండదు.

ఇప్పుడు తల్లిదండ్రులకు మా విజ్ఞప్తులు మూడే. వారానికి ఒక్కసారైనా "ఈ వారం చరిత్రలో ఏం చదివావు" అని అడగండి. జవాబు మీకు తెలియక్కరలేదు, వింటే చాలు. ఇంట్లో పాత కాగితాలు, నాణేలు, నిఖానామాలు ఉంటే పారెయ్యకండి. అసలు మీ దగ్గరే ఉంచి, నకలు మాకు చూపించండి. మూడోది ఆడపిల్లల సంగతి. చారిత్రక స్థలాల సందర్శనకు మగపిల్లలను పంపి ఆడపిల్లలను ఆపుతున్నారు. గోలకొండ, చార్మినారు వాళ్లవి కూడా. ఉపాధ్యాయినులు వెంట వస్తారు, చీకటి పడకముందే తిరిగి వస్తాము. తల్లులు ఎవరైనా తోడు వస్తామంటే ఇంకా సంతోషం.

సంఘానికి ఒక్క కోరిక. ఏటా మీరిచ్చే బహుమతులన్నీ మొత్తం మార్కులనుబట్టి ఇస్తున్నారు. వచ్చే ఏటి నుండి, తన ఊరు, తన వీధి, లేక ఒక పాత మసీదు, బావి, సరాయి గురించి తానే అడిగి తెలుసుకొని మంచి వ్యాసం రాసిన పిల్లకు ఒక బహుమతి పెట్టండి. వ్యాసం ఉర్దూలో ఉన్నా తెలుగులో ఉన్నా సరే. డబ్బు పెద్దగా అక్కరలేదు, ఒక మంచి అట్లాసు చాలును. ఆ వ్యాసాన్ని ఇదే సావనీరులో అచ్చువేస్తే ఆ ఇంట్లో అందరూ చదువుతారు.

ఈ నియమాలలో మీకు నచ్చనివి ఉంటే మాతో చెప్పండి. బడికి వచ్చి చెబితే మరీ మంచిది, ఒక పీరియడు వెనక బల్లమీద కూర్చొని విని మరీ చెప్పవచ్చును.