అద్దె కూడా అడుగుదాం
(గృహహింస బాధితులతో పనిచేసే కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హింస భరించలేక ఇల్లు వదిలి వచ్చిన స్త్రీ గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. ఆమె రెండో నెల ఒకటో తారీఖున ఏం చేస్తుందన్నది మాత్రం అంతగా పట్టించుకోలేదు.

పరిశోధన కోసం హైదరాబాదు బస్తీల్లో తిరుగుతున్నప్పుడు, మిషన్ కుట్టుకునే ఒకామె అన్నది: "కొట్టుడు మానిండని పోలేదమ్మా, కిరాయి కట్టలేక పోయిన." కమ్మలు కుదువపెట్టి అడ్వాన్సు కట్టింది. ఒక నెల అద్దె తమ్ముడిచ్చాడు, రెండో నెల ఎవరూ ఇవ్వలేదు. ఆమె తిరిగి వెళ్ళడాన్ని కౌన్సెలింగ్ కాగితాల్లో 'రాజీ' అని రాశారు. ఇలాంటి రాజీల్లో ఎన్నింటి వెనక ఇంటి అద్దె ఉందో మన ఫైళ్ళు చెప్పవు, ఎందుకంటే ఆ ప్రశ్న మనం అడగలేదు.

2005 గృహహింస చట్టం 19వ సెక్షన్‌లో (1)(ఎఫ్) అనే చిన్న క్లాజు ఉంది. బాధితురాలు అంతవరకూ ఉన్న స్థాయిలోనే వేరే వసతి చూపించాలని, లేదా దానికి అద్దె చెల్లించాలని మేజిస్ట్రేటు ప్రతివాదిని ఆదేశించవచ్చు. 'అదే స్థాయి' అన్న మాట చట్టంలోనే ఉంది. రెండు గదుల ఫ్లాటులో కాపురం చేసిన మనిషికి రేకుల గది చాలనే వాదనకు అదే జవాబు. భర్త వెళ్ళిపోయి, ఆమె ఆ అద్దె ఇంట్లోనే మిగిలితే, ఆ అద్దె బాధ్యతను అతని మీద పెట్టడానికి 19(6) ఉంది.

ఇంత స్పష్టంగా ఉన్నా నేను చూసిన పిటిషన్లలో ఎక్కువ భాగం మనోవర్తి దగ్గరే ఆగిపోయాయి. అద్దె అందులోనే కలిసిపోతుంది. ఆ వచ్చే కాస్త డబ్బు బియ్యానికా, పిల్లల ఫీజుకా, గదికా?

అద్దెను విడిగా రాయించండి. మొదటి విచారణ మామూలుగా మూడు రోజుల్లోపు, పరిష్కారం అరవై రోజుల్లో అని 12వ సెక్షన్ చెబుతుంది. కోర్టు వరండాల్లో కూర్చున్న మీకు ఆ అరవై రోజుల సంగతి నేను చెప్పక్కర్లేదు. అందుకే 23వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు కోసం అదే రోజు అడగాలి. లాయరు ఫీజు భయం వద్దు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో పనిలేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయ సహాయం ఉంది.

షెల్టర్ హోమ్ ఉంది కదా అంటారు కొందరు. అవసరమే, కాదనను. కానీ అక్కడ తాళంచెవి ఆమె చేతిలో ఉండదు.

భర్త రోజుకూలీ అయితే ఉత్తర్వు కాగితంగానే మిగలవచ్చు. అప్పుడు భారం ప్రభుత్వం మీద వేయాలి, ఆ పోరాటం వేరే. జీతగాడైన భర్తను కూడా మనం అడగకుండా వదిలేస్తున్నాం, నా బాధ అది.

ఇంకొకటి. ఓనర్లు రసీదులివ్వరు. ఫోన్లో పంపిన డబ్బుల వివరాలు, కరెంటు బిల్లు, పక్కింటివాళ్ళ సాక్ష్యం మొదటి రోజు నుంచే పోగుచేయండి. అడ్వాన్సు సంగతి కూడా పిటిషన్‌లో రాయండి, గది తాళం ఇచ్చే ముందు ఓనరు అడిగేది అదే.