సిపాయి సేవ – సర్కారు దప్తరము

(పఠనమందిర సభయందు గావించిన ఉపన్యాసపాఠము)



యుద్ధములను గూర్చియు, సేనాపతులను గూర్చియు ఉపన్యసించువారు మనకు కొదువ లేదు. యుద్ధము ముగిసి యింటికి వచ్చిన పిమ్మట, తనకు తగిలిన గాయము సేవాపుస్తకమున వ్రాయబడలేదనియు, తనకు సిఫారసు చేసిన పతకము రాలేదనియు, తన పేరు తప్పుగ నెక్కినదనియు అర్జీలు పట్టుకొని కార్యాలయముల చుట్టు తిరుగు సిపాయిని గూర్చి మాటలాడువారు మాత్రము అరుదు. నేటి నా ప్రసంగము వానిని గూర్చి.

ఇది స్వల్పవిషయమని కొందరు తలపవచ్చును. కాని యోచింపుడు. సైన్యమునుండి విడుదలయైన దినమున సిపాయి చేతికిచ్చు కాగితమే యటుపై వానికి సాక్షి. వాని పింఛను దానినిబట్టి, గాయమునకు భత్యము దానినిబట్టి, వైద్యము దానినిబట్టి, వాడు గతించిన వెనుక భార్యకు రావలసిన కుటుంబపు పింఛనును దానినిబట్టియే. అందొక్క పంక్తి లోపించినచో, జరిగిన సంగతి సర్కారు దృష్టిలో జరుగనిదే యగును.

ఈ విషయమున నేను చెప్పదలచినది యొక్కటే. ఆ దప్తరమును వ్రాసినది ప్రభుత్వము, దాచినది ప్రభుత్వము, పోగొట్టినను ప్రభుత్వమే. అయినను అందు తప్పు దొరలినపుడు ఋజువు తెమ్మని యడుగుట సిపాయిని. ఈ యేర్పాటు ధర్మసమ్మతము కాదు. తప్పును దిద్దుట ప్రభుత్వము తీర్పవలసిన ఋణము. దానిని దయగా నెంచరాదు. ఈ సంగతి విశదమగుటకు మొదట అమెరికా దేశపు టనుభవమును చెప్పి, పిదప మన దేశమునకు వచ్చెదను. అమెరికాను ఏల గ్రహించితి వందురా? అచ్చట ఈ దిద్దుబాటునకై ప్రత్యేక శాసనము కలదు. అది యెంతవరకు పనిచేసినదో, యెచ్చట తప్పినదో తెలుపు నిదర్శనములును లోకప్రసిద్ధములు.

1946 వ సంవత్సరమునకు పూర్వము అమెరికాలో ఒక సిపాయి దప్తరమును దిద్దవలెనన్న, తరచుగ ఆ యొక్కని కొఱకే వారి కాంగ్రెసు ప్రత్యేకముగ నొక బిల్లును చేపట్టవలసి వచ్చెడిది. ఆ యేట గావించిన శాసనముతో ఈ పద్ధతి మారి, సైనికశాఖల కార్యదర్శులకు దిద్దుబాటు సంఘముల ద్వారా ఆ యధికారము సంక్రమించినది. ఆ సంఘములందు కూర్చుండువారు పౌరోద్యోగులు. సైనికాధికారి వ్రాసినదానిని సైనికాధికారియే విచారించు నిక్కట్టు దీనితో కొంత తప్పినది. శాసనమునందలి రెండు మాటలు ముఖ్యములు: ఒకటి పొరపాటు, రెండవది యన్యాయము. గుమాస్తా కలము జారి చేసిన తప్పును మాత్రమే గాక, నిబంధనల ప్రకారము సరిగ వ్రాసినదైనను అన్యాయమైనచో దానినిగూడ తొలగింపవచ్చునని భావము. సిపాయి మరణించినచో వాని వారసులును అర్జీ పెట్టుకొనవచ్చును.

ఇంతవరకు మేలే. కాని యదే పద్ధతిలో రెండు ముండ్లు కలవు. మొదటిది కాలపరిమితి. తప్పు తెలిసిన మూడేండ్లలోపల అర్జీ చేరవలెను. న్యాయము కోరునెడల సంఘము ఆ గడువును మన్నింపవచ్చును గాని, మన్నించి తీరవలెనని లేదు. రెండవది, సర్కారు దప్తరము సక్రమముగనే వ్రాయబడినదను పూర్వభావన. అది తప్పని నిరూపించు భారము అర్జీదారునిపై నుండును. దప్తరము భద్రముగ నున్నపుడు ఈ నియమము కొంత సమంజసముగ దోచవచ్చును. దప్తరమే లేనపుడో?

అట్టి సంకటము నిజముగనే సంభవించినది. 1973 జూలై 12 వ తేదీన సెయింట్ లూయీ నగర సమీపమందలి జాతీయ సిబ్బంది దప్తరఖానాలో అగ్నిప్రమాదము జరిగి, 1 కోటి 60 లక్షలు మొదలు 1 కోటి 80 లక్షల వరకు సైనికుల సేవాపత్రములు దగ్ధమయ్యెను. 1912 నవంబరు మొదలు 1959 వ సంవత్సరాంతము వరకు భూసైన్యమునుండి విడుదలయైనవారి పత్రములలో నూటికి 80 వంతులు నశించినవి. రెండు ప్రపంచయుద్ధములును, కొరియా యుద్ధమును ఆ కాలమునందే జరిగినవని మీరెఱుగుదురు. ఆ పత్రములకు వేఱు ప్రతులు లేవు. సూక్ష్మచిత్రములు తీసి యుంచలేదు. సంపూర్ణమైన సూచికయు లేదు. ఏ సిపాయి కాగితము కాలినదో చెప్పుటకే వీలు లేకపోయెను.

ఆ దప్తరఖానా యుద్యోగులు పిదప జేసిన కృషిని మాత్రము మెచ్చుకొనవలెను. కాలి తడిసిన కట్టలనుండి సుమారు 65 లక్షల పత్రములను పూర్తిగనో కొంతగనో కాపాడిరి. కడపటి జీతపు రసీదులు, దళములు ప్రతిదినము వ్రాసికొను ఉదయపు నివేదికలు, పేర్ల పట్టికలు, పింఛనుశాఖవారి కాగితములు మున్నగువానిని గాలించి పోయిన చరిత్రలను తిరిగి కూర్చుట ప్రారంభించిరి. ఆ కార్యము దశాబ్దములు గడచినను ముగియలేదు. జీతపు రసీదు వలన సిపాయి సైన్యమున నుండెనని తెలియును. విడుదల దినము తెలియును. వాడు ఏ రాత్రి యెవరిని భుజముపై మోసికొని వచ్చెనో జీతపు రసీదు చెప్పునా?

ఇక పతకముల సంగతి వినుడు. హెన్రీ జాన్సను అను నల్లజాతి సైనికుడు న్యూయార్కు రాష్ట్రమున ఆల్బనీ రైలుస్టేషనులో కూలిపని చేయుచుండి, మొదటి ప్రపంచయుద్ధమున 369 వ పదాతిదళమున జేరెను. ఆ దళమును అమెరికా సైన్యము తనవద్ద నుంచుకొనక ఫ్రెంచి సేనాపతుల క్రింద నుంచినది. 1918 మే 14, 15 తేదీల నడిమి రాత్రి ఆర్గోన్ అడవియందు జాన్సనును, నీధమ్ రాబర్ట్సు అను వేఱొక సిపాయియు కావలి యుండగా జర్మను దండు వారిపై బడెను. రాబర్ట్సు గాయపడి కూలెను. శత్రువు లాతనిని ఈడ్చుకొని పోబోగా, జాన్సను తుపాకి పనిచేయుట మానిన తరువాత దానినే గదవలె త్రిప్పి, పిమ్మట కత్తి దూసి పోరాడి, తోడివానిని విడిపించి, దండును తఱిమెను. ఆతని దేహమున 21 గాయములు లెక్కకు వచ్చెను.

ఫ్రాన్సు ఆతనికి వెంటనే క్రోయి ద గేర్ పతకము నిచ్చెను. స్వదేశము మాత్రము ఆతని జీవితకాలమున శౌర్యపతక మేదియు నీయలేదు. ఆతని విడుదలపత్రమున ఈ గాయముల ప్రసక్తియే లేకపోయెను. 1929 లో ఆతడు గతించెను. ఆల్బనీలో దిక్కులేనివారిని పూడ్చుచోట ఆతనిని పూడ్చిరని జనులు చిరకాలము నమ్మిరి. ఆర్లింగ్టను జాతీయ శ్మశానమున సైనికమర్యాదతో ఖననము చేసిరని 2002 లో గాని తెలియలేదు. 1996 లో గాయపడినవారి కిచ్చు పర్పుల్ హార్ట్ పతకము, 2002 లో దాని కంటె పెద్దదియగు విశిష్టసేవా శిలువ, కట్టకడపట 2015 జూన్ 2 వ తేదీన మెడల్ ఆఫ్ ఆనర్ ఆతని పేర వచ్చినవి. ఆ దినమున పతకమును అందుకొనుటకు ఆతని బంధువెవ్వరును లేకపోగా, న్యూయార్కు రాష్ట్రసేనకు చెందిన యొక సార్జంటు మేజరు అందుకొనెను. తొంబదియేడేండ్ల పిమ్మట వచ్చిన గౌరవమును పుచ్చుకొను చేయి లేకపోయెను.

ఇది ఒక్కని దురదృష్టమని త్రోసివేయుటకు వీలులేదు. రెండవ ప్రపంచయుద్ధమున పదిలక్షలకు పైగా నల్లజాతివారు అమెరికా సేనలందు పనిచేయగా, వారిలో నొక్కనికిని ఆ యుద్ధకాలమున గాని తరువాతి యైదుదశాబ్దములలో గాని మెడల్ ఆఫ్ ఆనర్ రాలేదు. ఏల రాలేదను ప్రశ్నను పరిశోధించుటకు 1993 లో ఆ సైన్యమే షా విశ్వవిద్యాలయమున కప్పగించినది. తత్ఫలితముగ 1997 జనవరి 13 వ తేదీన ఏడుగురికి ఆ పతకము లభించెను. ఏడుగురిలో బ్రతికి యున్నవాడు వెర్నన్ బేకరు ఒక్కడే. 1945 లో ఇటలీలో పోరాడినపు డాతడు పాతికేండ్ల యువకుడు. పతకము మెడలో బడునాటికి డెబ్బదియేడేండ్ల వృద్ధుడు. 2000 జూన్ నెలలో ఇట్టి పునర్విచారణ వలననే ఆసియా సంతతికి చెందిన 22 మందికి, ముఖ్యముగ జపాను సంతతివారికి, అదే గౌరవము దక్కినది.

పారిస్ డేవిసను నల్లజాతి కెప్టెను కథ మఱియు వింత. 1965 జూన్ 17, 18 తేదీలలో వియత్నాములో బోంగ్ సోన్ వద్ద తాను గాయపడియు, తన తోటి అమెరికనులను విడిచి రానని నిలిచి వారిని రక్షించెను. పై యధికారి పతకమునకు సిఫారసు పంపెను, అది మాయమయ్యెను. 1969 లో విచారణ జరిగి మరల పంపుడనిరి. ఆ ప్రతియు కానరాలేదు. సహచరులు విసుగు చెందక దశాబ్దములపాటు ప్రయత్నింపగా 2023 మార్చి 3 వ తేదీన, ఆతని యెనుబదిమూడవ యేట, మెడల్ ఆఫ్ ఆనర్ లభించెను. ఇచ్చట దప్తరము కాలలేదు. కాగితము రెండుమారులు పోయినది. పోగొట్టినవా రెవ్వరో నేటికిని తేలలేదు.

ఇందుల కొక యాక్షేపణ కలదు. అడిగినవారి కెల్ల పాతలెక్కలు దిద్దుచు పోయినచో పతకముల విలువ తగ్గదా? లేని శౌర్యమును చెప్పుకొను కపటులు బయలుదేరరా? ఈ ప్రశ్న న్యాయమైనదే. కపటులు అన్ని దేశములందును కలరు. కావున సాక్ష్యమును నిశితముగ పరీక్షింపవలసినదే. కాని సాక్ష్యమును పరీక్షించుట వేఱు, ఆలస్యమైనదని తలుపు మూయుట వేఱు. జాన్సను, డేవిసు మున్నగువారి శౌర్యమునందు సందేహమెన్నడును లేదు. లోపించినది కాగితము. అర్హుని విస్మరించుట వలన పతకమునకు కలుగు చేటు, అనర్హునికిచ్చుట వలన కలుగుదానికి తీసిపోదు.

ఇక మన దేశమునకు వత్తము. మన సైనికునికి దారి లేకపోలేదు. 1950 నాటి సైనికశాసనమున 26, 27 సెక్షనులు జవానులకును అధికారులకును తమ మొఱను పై యధికారులకు చెప్పుకొను హక్కు నిచ్చుచున్నవి. అచ్చట న్యాయము జరుగనిచో, 2007 నాటి శాసనముచే నేర్పడి 2009 లో పనికి దొరకొనిన సాయుధదళముల ట్రిబ్యునలు కలదు. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములకు చెన్నపట్టణమునందలి శాఖ దిక్కు. కడపటి యుత్తరువు వెలువడిన ఆరుమాసములలోపల అచ్చట అర్జీ దాఖలు చేయవలెను. తగిన హేతువు చూపిన ఆలస్యమును మన్నింపవచ్చును.

మనలో చాలమందికి తటస్థించు చిక్కు పతకములది గాదు; పేర్లది. మనము ఇంటిపేరును ముందు వ్రాయుదుము. సైన్యపు గుమాస్తా దానిని వెనుకకు ద్రోయును, లేదా పొడియక్షరముగ మార్చును. భార్య పేరు సేవాపుస్తకమున నొక తీరున, ఆధారు కార్డున నొక తీరున, బ్యాంకు పుస్తకమున మఱియొక తీరున నుండును. సిపాయి జీవించి యున్నంతకాలము ఈ భేదమును ఎవ్వరును పట్టించుకొనరు. ఆతడు కన్నుమూసిన మఱునాటినుండి ఆ వితంతువు తాను ఆతని భార్యనే యని నిరూపించుకొనుటకు బయలుదేరవలెను. సేవాపత్రములు దళమును బట్టి వేఱువేఱు రికార్డు కార్యాలయములందుండును. ఆయుధసామగ్రి దళమువారివియు, యంత్రశాఖ దళమువారివియు మన సికిందరాబాదునందే కలవు, తక్కినవి దూరదేశములందున్నవి. చదువెఱుగని వృద్ధురాలు ఇంగ్లీషుననో హిందీలోనో ఆ కార్యాలయములతో నుత్తరప్రత్యుత్తరములు జరుపగలదా?

కావున ప్రతి మాజీ సైనికునికిని నా మనవి. మీ విడుదలపుస్తకమును ఈ వారముననే తీసి, మీ పేరు, పుట్టిన తేది, భార్యాబిడ్డల పేర్లు, గాయములు, పతకములు సరిచూచుకొనుడు. తప్పున్నచో మీరు జీవించి యుండగనే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయము ద్వారా రికార్డు కార్యాలయమునకు వ్రాయుడు. ఏ పంక్తి తప్పో, ఏమని దిద్దవలెనో, ఆధారమేదో స్పష్టముగ వ్రాయుడు. యుద్ధమున మీ ప్రక్క నిలిచినవారి వాఙ్మూలములను ప్రమాణపూర్వకముగ వ్రాయించి యుంచుడు, సాక్షులు వృద్ధులగుచున్నారు. పంపిన ప్రతి కాగితమునకు నకలు ఉంచుకొనుడు.

పఠనమందిరములకును ఇందు కర్తవ్యము కలదు. వారమున కొక సాయంకాలము చదువుకొన్న యువకు లిద్దరు కూర్చుండి మాజీ సైనికులకును వారి వితంతువులకును అర్జీలు వ్రాసి పెట్టినచో, అనేక కుటుంబములకు ఏండ్లతరబడి తిరుగుట తప్పును. దీనికి ధనమక్కఱలేదు.

ప్రభుత్వము చేయవలసినవి మూడు. విడుదల దినముననే దప్తరమును సిపాయికి వాని భాషలో చదివి వినిపించి సరిచేయించుట. దప్తరము సర్కారు చేతిలో నశించినచో సంశయఫలమును సిపాయికే యిచ్చుట. యుద్ధమునందలి గాయము, శౌర్యము అను విషయములందు కాలపరిమితిని అడ్డు చెప్పకుండుట. సరిహద్దునకు పొమ్మన్న దినమున సిపాయిని ఋజువులు చూపుమని యెవ్వరును అడుగలేదు. వాడు పోయెను. ఆ సేవను ఉన్నదున్నట్లు వ్రాసి యుంచుట, తప్పినచో దిద్దుట మన విధి. జాన్సను పతకమునకు బంధువు లేకపోయిన దుస్థితి మన పల్లెలలోని యే సిపాయికిని రాకుండుగాక.