దుప్పట్లు ఇచ్చి వచ్చేశాం
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పోయిన చలికాలం మీరిచ్చిన డబ్బుతో దుప్పట్లు కొని బెజవాడ తీసుకెళ్లాం. స్టేషన్ చుట్టుపక్కల, ఫ్లైఓవర్ కింద పడుకున్నవాళ్లకు రాత్రి పూట పంచాం. ఫొటోలు కూడా తీసుకున్నాం. వారం తర్వాత వేరే పని మీద అదే దారిన వెళ్తే మేమిచ్చిన దుప్పట్లు మూడో నాలుగో కనిపించాయి. అమ్ముకుని తాగేసి ఉంటారని మాలో కొందరికి కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఒకతన్ని నిలదీశాం.

"పొద్దున్నే అడ్డా మీదకి పోయేటప్పుడు దాన్ని ఎక్కడ పెట్టుకోమంటారండీ? చంకన పెట్టుకుని నిలబడితే పనికెవరు పిలుస్తారు? గోడ పక్కన దాచాను, సాయంత్రానికి లేదు" అన్నాడు.

ఊరేదని అడిగితే మన కొల్లేటి లంకల వాడే. 2006లో కొల్లేరులో చేపల చెరువుల గట్లు కొట్టేశాక కాపలా పని పోయి బెజవాడ చేరాడు. తాపీ మేస్త్రి దగ్గర కూలి. ఇంటికి డబ్బు పంపుతున్నాడు. షెల్టర్ ఉందిగా, అక్కడికెందుకు వెళ్లవని అడిగాం. అక్కడి నుంచి అడ్డాకు రావాలంటే ఆటో ఖర్చు, ఆలస్యంగా వస్తే పని దొరకదు. అడ్డా పక్కనే పడుకుంటే పొద్దున్న వరసలో ముందుంటాడు. సోమరి అనుకున్నవాడు పని కోసమే రోడ్డు మీద పడుకుంటున్నాడు! మాకు తలెత్తబుద్ధి కాలేదు.

2011 జనాభా లెక్కల్లో ఫిబ్రవరి 28 రాత్రి ఇల్లు లేనివాళ్లను లెక్కపెట్టారు. దేశం మొత్తం మీద 17 లక్షల 70 వేలకు పైగా తేలారు. సగానికి పైగా పట్టణాల్లోనే. కట్టే బిల్డింగుల్లో, గోడల చాటున పడుకున్నవాళ్లు ఎంతమంది ఆ లెక్కకు అందారో! ఆడవాళ్లయితే మరీ కంటబడరు. ఒక పెద్దాసుపత్రి ఆవరణలో చూశాం: రాత్రంతా లైటు కింద కూర్చునే ఉంటారు, తెల్లవారాక కునుకు తీస్తారు. చీకట్లో పడుకోవడానికి భయం.

5 లక్షలు దాటిన నగరాల్లో ప్రతి లక్ష మందికి కనీసం ఒక షెల్టర్, ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉండాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. 2011 లెక్కల్లోనే బెజవాడ జనాభా 10 లక్షలు దాటింది, అంటే పదికి తగ్గకూడదు. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధనల్లో మనిషికి 50 చదరపు అడుగుల చోటు ఉండాలని కూడా పెట్టారు. కాబట్టి కప్పు వేసే బాధ్యత ప్రభుత్వానిది, దాన్ని అడిగి చేయించాలి. మన డబ్బు వేరేచోట పనికొస్తుంది.

ఎక్కడంటే, గది అడ్వాన్సు దగ్గర. నెల అద్దె నలుగురు పంచుకుంటే కట్టగలరు. రెండు మూడు నెలల అడ్వాన్సు ఒక్కసారిగా తేలేక రోడ్డు మీద ఉండిపోతున్నారు. సామాను పెట్టుకుని తాళం వేసుకునే పెట్టె కావాలి. ఆధార్ పోగొట్టుకున్నవాడి వెంట ఆఫీసుకు వెళ్లే మనిషి కావాలి. మతి చెదిరినవాళ్ల సంగతి మన చేతిలో పని కాదు, వాళ్లను డాక్టర్ల దగ్గరకు చేర్చడం వరకే.

తాగుడు మానితేనే సాయం చేద్దామని కమిటీలో వాదన జరిగింది. ఫిన్లాండ్ దేశం 2008 నుంచి ఇంకోలా చేస్తోంది: ముందు ఇల్లు ఇస్తారు, తాగుడు సంగతి తర్వాత చూస్తారు. అక్కడ ఇల్లు లేనివాళ్ల సంఖ్య బాగా తగ్గింది. వాళ్లంత డబ్బు మనకు లేదు, నిజమే. కానీ రోడ్డు మీద ఉన్నవాడు తాగుడు మానడం ఎంత కష్టమో అక్కడ ఒక రాత్రి గడిపితే తెలుస్తుంది.

జకాత్ ఇవ్వదగిన ఎనిమిది వర్గాల్లో బాటసారి ఒకడని మీకు తెలుసు. ముసాఫిర్ అంటే హజ్ దారిలో చిక్కుపడినవాడే అనుకుంటూ వచ్చాం. ఊరు విడిచి బెజవాడలో దిక్కులేకుండా పడున్న మనిషి ఆ వర్గంలోకి వస్తాడా లేదా అని ఆలిమ్‌లను అడిగి, వాళ్లు చెప్పినట్టు చేస్తాం. సదఖాకైతే ఆ సందేహమే లేదు.

ఆ లంకల మనిషికి, ఇంకో ముగ్గురికి కలిపి ఒక గదికి అడ్వాన్సు కట్టాం. ముగ్గురు ఉన్నారు, అద్దె కడుతున్నారు. నాలుగో మనిషి రెండో నెలలోనే మళ్లీ ఫ్లైఓవర్ కిందికి వెళ్లిపోయాడు. ఎందుకో ఇంకా చెప్పలేదు. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాం. ఈ ఏడు దుప్పట్ల పద్దు తగ్గించి అడ్వాన్సుల పద్దు మొదలుపెట్టాలని మా ప్రతిపాదన. ఖర్చుల పుస్తకం గుమ్మం దగ్గర బల్ల మీద ఉంచాం. చూసి, అభ్యంతరం ఉంటే భోజనాల ముందే చెప్పండి.