పాత ఫ్లాపీలలోని మూలప్రతులు
(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున జరిగిన ఉపన్యాస పాఠము)



ఇరువదియైదేండ్లుగా పుస్తకములను కాపాడుచు వచ్చిన సంస్థ యొక్క ఉత్సవమున పుస్తకములను గూర్చి ప్రసంగించుట పరిపాటి. నేటి ప్రసంగమునకు విషయము కంప్యూటరు ఆటలు. ఈ మాట వినగానే పెద్దలు కొందరు నొసలు చిట్లింపవచ్చును. పిల్లల చదువులను పాడుచేయునవి ఇవియే గదా యని వారి అభియోగము. అది బొత్తిగా అసత్యమని ఎవ్వరును అనజాలరు. అయినను ఇక్కడ చెప్పవలసినది ఆటలాడుటను గూర్చి కాదు. ఆ ఆటలను వ్రాసినవారి వ్రాతప్రతులను గూర్చి. అవి పోయిన తీరును, కొన్ని తిరిగి దొరకిన తీరును విన్నచో, తాళపత్రములను, చెదలు తినిన కాగితములను ఎరిగిన గ్రంథాలయమువారికి ఈ కథ క్రొత్తగా తోచదు.

ముందుగా ఆటకు వ్రాతప్రతి యేమిటను సందేహము తీరవలెను. కంప్యూటరుచే పని చేయించువాడు చేయవలసిన దానిని వరుసగా ఆజ్ఞల రూపమున వ్రాయును. బేసిక్, పాస్కల్, సి, అసెంబ్లీ అని ఆ వ్రాతకు తగిన భాషలు కలవు. మనుష్యుడు చదువదగిన ఈ వ్రాతకు సోర్సు కోడు అని పేరు. మనము మూలప్రతి యందము. కంపైలరు అను మరియొక ప్రోగ్రాము దీనిని యంత్రమునకు మాత్రమే తెలియు అంకెలుగా మార్చును. ఆటను కొనినవారి చేతికి వచ్చునది ఈ అంకెల రూపమే. మూలప్రతి వ్రాసినవాని ఇంటనే యుండిపోవును. నువ్వులను గానుగలో వేసి నూనె తీయవచ్చును గాని, నూనెనుండి నువ్వులను తీయుట ఎవరి తరము? అందుచేత ఆట లక్షలమంది ఇండ్లలో నున్నను, దాని మూలప్రతి ఏ ఒక్క పెట్టెలోనో యుండును. ఆ పెట్టె పోయినచో ఆట మిగులును, మూలము పోవును.

1981 ఆగస్టులో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థ తన పర్సనల్ కంప్యూటరును వెలువరించెను. దానిని నడుపు వ్యవస్థకు డాస్ అని పేరు. దానితోపాటు బేసిక్ భాషలో వ్రాసిన 'డాంకీ' అను చిన్న ఆట వచ్చెను. దారికడ్డమువచ్చు గాడిదలను తప్పించుకొని కారు నడుపుటయే ఆ ఆట. దానిని వ్రాసిన ఇద్దరిలో బిల్ గేట్స్ ఒకరు. ఆటగా దాని విలువ స్వల్పమే. కాని దాని మూలప్రతిని ఎవరైనను తెరచి చదువవచ్చును, దిద్దవచ్చును. 1991లో మైక్రోసాఫ్టువారి ఐదవ డాస్‌తో వచ్చిన క్యూబేసిక్‌లోను ఇట్లే రెండు ఆటలు మూలప్రతులతోనే వచ్చెను: మేడలపై నిలిచి అరటిపండ్లు విసరుకొను గొరిల్లాల ఆట ఒకటి, పాముల ఆట యొకటి. ఒక అంకెను మార్చినచో ఏమగునో చూతమని మొదలిడి ప్రోగ్రాములు వ్రాయుట నేర్చినవారు అనేక దేశములలో నున్నారు. ఇంతకుముందే, 1983లో, బోర్లాండు అను సంస్థ టర్బో పాస్కల్ అను కంపైలరును 49 డాలర్ల 95 సెంట్లకే అమ్మసాగెను. వందల డాలర్ల వెలగల వస్తువు ఇట్లు చౌకయగుటచే, విద్యార్థులు తమ గదులలో కూర్చుండియే ఆటలు వ్రాయ మొదలిడిరి.

వారు వ్రాసినదెల్ల ఫ్లాపీలపైకి ఎక్కెను. అరచేతిలో ఇముడు మూడున్నర అంగుళముల ఫ్లాపీ ఒక్కొక్కటి 14 లక్షలకు పైగా ఆంగ్లాక్షరములను ఇముడ్చుకొనగలదు. అనగా రెండు మూడు పెద్ద నవలలు. లోపలనున్నది అయస్కాంతపు పూత పూసిన పలుచని బిళ్ల మాత్రమే. తేమ తగిలిన బూజు పట్టును, ఏండ్లు గడచిన అయస్కాంతశక్తి సన్నగిల్లును. తాటియాకు బాగుగా నుంచినచో కొన్ని వందల ఏండ్లు నిలుచునని మనమెరుగుదుము. ఈ బిళ్లలు ముప్పది, నలువది ఏండ్లు చదువదగి యుండిన అదియే భాగ్యము.

జోర్డన్ మెక్నర్ అను అమెరికా యువకుడు యేల్ విశ్వవిద్యాలయమున చదువుచుండగనే 'కరాటెకా' అను ఆటను వ్రాసి 1984లో వెలువరించెను. తరువాత నాలుగేండ్లు శ్రమించి, 1989లో 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' అను మరియొక ఆటను పూర్తిచేసెను. ఇది మొదట ఆపిల్ 2 అను యంత్రమునకు అసెంబ్లీ భాషలో వ్రాయబడినది. మరుసటి యేట డాస్ రూపము వచ్చినది. మన దేశమున 1990లలో కంప్యూటరు నేర్చినవారిలో పెక్కుమంది ఎరిగినది ఆ రెండవ రూపమే. అందు రాకుమారుని పరుగు, దూకుట, అంచును పట్టుకొని వ్రేలాడుట నిజమైన మనుష్యుని కదలికవలె నుండును. ఇందు మాయ యేమియు లేదు. మెక్నర్ తన తమ్ముని పరుగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఒక్కొక్క చిత్రమును చూచి గీసికొనెను. ఆటకు సంగీతము సమకూర్చినది వారి తండ్రి. ఇంటిల్లిపాది పూనుకొనిన పని యన్నమాట.

ఆట లోకమంతట ప్రసిద్ధి కెక్కినది. మూలప్రతి మాత్రము కనబడకపోయెను. మెక్నర్ దానికై వెదకి, దొరకక, ఆశ వదలుకొనెను. 2012 వసంతమున న్యూయార్కులోని తండ్రి ఇల్లు సర్దుకొనుచు, అలమార వెనుకనున్న పాత సామాను కొంత ఒక అట్టపెట్టెలో పెట్టి కుమారునకు పంపెను. విప్పి చూడగా పాత ఆటల ప్రతుల నడుమ మూడున్నర అంగుళముల ఫ్లాపీలు ఉండెను. వానిపై మెక్నర్ స్వహస్తముతో వ్రాసిన చీటీలు కలవు. ఎవ్వరికి కనబడినను పారవేయదగిన చెత్తగా తోచు వస్తువులవి; తండ్రి చేతబడుటచే బ్రదికినవి.

ఇక్కడ మెక్నర్ తొందరపడకుండుట మెచ్చదగినది. పాత బిళ్లను దొరకిన యంత్రములో దూర్చినచో ఒక్కసారితోనే పాడగు ప్రమాదము కలదు. పాత యంత్రములయందు, పాత ఫ్లాపీలయందు ఆరితేరిన ఇద్దరు నిపుణులు అతని ఇంటికి వచ్చిరి. ఏప్రిల్ నెలలో ఒకనాడు కూర్చుండి వానిని చదివి ప్రతులెత్తిరి. ఇరువది ఏండ్లు దాటినను అక్షరములు నిలిచియుండెను. మెక్నర్ ఆ మూలప్రతిని వెంటనే గిట్‌హబ్ అను బహిరంగ భాండారమున ఎల్లరకు చదువుటకై పెట్టెను.

అంతవరకు విని మాత్రమే యున్న కొన్ని సంగతులు అందు ప్రత్యక్షమయ్యెను. ఒకటి చాలును. ఆటలో రాకుమారునకు ప్రతిద్వంద్వి యొకడు ఉండవలెనని సలహా వచ్చినప్పుడు, యంత్రపు జ్ఞాపకశక్తిలో మరియొక మనుష్యుని బొమ్మలకు చోటు మిగిలి యుండలేదు. అప్పుడు మెక్నర్ రాకుమారుని బొమ్మలనే తీసికొని, కొంచెము ప్రక్కకు జరిపిన అవే బొమ్మలతో గణితరీత్యా కలిపి, మెరయునట్టి నీడ రూపమును సృష్టించెను. అద్దమునుండి వెలువడి రాకుమారుని వెంటాడు ఛాయాపురుషుడు ఇట్లు పుట్టెను. ఆటయంతటిలోను జనులకు మరపురాని పాత్ర పేదరికమునుండి పుట్టినది. మూలప్రతి దొరకినందుకు మరియొక ఫలము కూడ కలిగినది: 2018లో కొందరు ఔత్సాహికులు దానినే ఆధారముగా గొని, 1980ల నాటి బ్రిటిషు యంత్రమగు బి.బి.సి. మాస్టరుపై ఈ ఆటను నడిపించిరి.

అలమార వెనుక ఏమియు దొరకనివారి గతి వేరు. టిమ్ స్వీనీ అను యువకుడు మేరీలాండు రాష్ట్రములోని పొటోమాక్ అను ఊర తలిదండ్రుల ఇంటనుండి టర్బో పాస్కల్‌లో ఒక ఆటను వ్రాసి, 1991 జనవరిలో వెలువరించెను. అప్పటికి అతనికి ఇరువదేండ్లు. దాని పేరు 'జెడ్.జెడ్.టి.', అక్షరక్రమపు జాబితాలలో చివర కనబడవలెనని అట్టి పేరు పెట్టెనట! మొదట అతడు వ్రాయబూనినది ఆట కాదు, ప్రోగ్రాములు వ్రాసికొనుటకు ఒక ఎడిటరు. కర్సరు స్థానమున నవ్వుమొగపు గుర్తును పెట్టి అటునిటు కదల్చుచుండగా అది క్రమముగా ఆటయైనది. అందు బొమ్మలు లేవు. గోడలు, జంతువులు, శత్రువులు అన్నియు డాస్ అక్షరపు గుర్తులే. ఆటతోపాటు ఆటను కల్పించు పనిముట్టును కూడ ఇచ్చుటచే, చదువరులవలె వచ్చినవారు రచయితలైరి; వారు నిర్మించిన లోకములు వేలకొలదిగా నున్నవి. ఇంటినుండి టపాలో పంపిన ఈ ఆటతో మొదలైన సంస్థయే నేటి ఎపిక్ గేమ్స్. అంతటి సంస్థకు మొదటి ఇటుకయైన వ్రాతప్రతి యంత్రము చెడిపోవుటచే పోయినది.

2020లో ఒక యువ ప్రోగ్రామరు దానిని తిరిగి నిర్మించెను. అంకెల రూపమును ముందుంచుకొని, ఏ పాస్కల్ వాక్యము వ్రాసినచో కంపైలరు సరిగా ఇవే అంకెలను పుట్టించునో వాక్యము వాక్యముగా వెదకుచు పోయెను. ఇందుకు కొత్త కంపైలరు పనికిరాదు; నాటి టర్బో పాస్కల్ 5.5 యే కావలెను. సి.పి. బ్రౌను దొర పందొమ్మిదవ శతాబ్దమున పండితులచేత తెలుగు వ్రాతప్రతులను పోల్పించి, పాఠములు దిద్దించి, శుద్ధప్రతులు వ్రాయించిన పని జ్ఞప్తికి వచ్చును. అయితే ఒక భేదము కలదు. పండితుడు తాను దిద్దిన పాఠము కవి వ్రాసినదేనా యని కవిని అడుగజాలడు. ఇక్కడ మాత్రము పరీక్ష కలదు: క్రొత్తగా వ్రాసిన ప్రతిని ఆ పాత కంపైలరులో వేసి, వచ్చిన దానిని 1990ల నాటి ఆటతో సరిపోల్చవచ్చును. అట్లు సరిపోల్చగా ఒక్క అంకెయైనను తేడా లేకుండ సరిపోయెను. స్వీనీ అనుమతితో అది లోకమునకు లభించెను.

ఇంతకన్న గొప్ప విజయమేమి యుండునని తోచవచ్చును. అయినను అది మూలప్రతి కాదు. ప్రోగ్రాము వ్రాయువాడు ప్రతి వస్తువునకును ఒక పేరు పెట్టుకొనును. నడుమ నడుమ తన జ్ఞాపకార్థము టిప్పణములు వ్రాసికొనును—ఇక్కడ లెక్క తప్పుచున్నది, ఇది రేపు చూడవలెను, ఈ ఉపాయము ఇందుకు అని. కంపైలరునకు ఆ టిప్పణములు అక్కరలేదు. అది వానిని విడిచిపెట్టును. పేరులును అంకెలలో కరగిపోవును. కనుక తిరిగి నిర్మించిన ప్రతిలో ఆజ్ఞలు స్వీనీవి, పేరులు పెక్కు నిర్మించినవానివి. ఆ ఇరువదేండ్ల యువకుడు ఏమనుకొనుచు వ్రాసెనో, ఎక్కడ విసిగెనో, ఎక్కడ సంతోషించెనో తెలుపు మాటలు మాత్రము ఏ పండితుడును తిరిగి తేజాలడు. మెక్నర్ పెట్టెలో నున్నదియు, స్వీనీకి లేనిదియు అదియే.

దొరకినదెల్ల అచ్చువేయుటకును వీలులేదు. 1997 డిసెంబరులో 'డూమ్' అను ప్రసిద్ధమైన ఆట మూలప్రతిని దాని కర్తలే వెలువరించినప్పుడు, డాస్ రూపమును ఈయజాలక లినక్సు రూపమును ఇచ్చిరి. ధ్వనికి సంబంధించిన భాగము పరుల సొత్తగుటయే కారణము. డాస్ వ్యవస్థ తొలి మూలప్రతులనే మైక్రోసాఫ్టువారు 2014లో గాని బహిరంగపరుపలేదు. నాలుగవ డాస్ మూలప్రతికి 2024 వరకు వేచియుండవలసి వచ్చినది.

ఇది పరదేశపు ఆటలకు మాత్రమే పట్టిన గ్రహచారమా? మన దేశమునను 1990లలో తెలుగు పుస్తకములు, పత్రికలు అనేకము కంప్యూటరుపై కూర్పబడినవి. నాటి ఫాంటులు ఒక్కొక్క సంస్థది ఒక్కొక్క తీరు. ఆ ఫైలును నేటి యంత్రమున తెరచినచో తెలుగునకు బదులు అర్థములేని గుర్తులు కనబడును. సరియైన మార్పిడి ప్రోగ్రాము దొరకినప్పుడే అది యూనికోడు తెలుగుగా మారును. కంప్యూటరు శిక్షణ కేంద్రములకు పోయివచ్చిన మన పిల్లలు ఫ్లాపీలపై వ్రాసికొని తెచ్చిన బేసిక్, పాస్కల్ ప్రోగ్రాములు అటకలపై, ఇనుప పెట్టెలలో నేటికిని ఉండవచ్చును.

ఉన్నచో చేయవలసిన పని కష్టము కాదు. బూజు కనబడిన ఫ్లాపీని డ్రైవులో పెట్టరాదు; బూజు డ్రైవునకు అంటుకొని తరువాతి ఫ్లాపీని కూడ చెరచును. మూడున్నర అంగుళముల దానికి మూలనున్న చిన్న బిళ్లను జరిపి రంధ్రము తెరచినచో, దానిపై పొరపాటున ఏమియు వ్రాయబడదు. ఈ కొలతవి యు.ఎస్.బి. డ్రైవుతో చదువవచ్చును, వెడల్పైన పాతవానికి వేరు పరికరము కావలెను. ఫైళ్లు ఒక్కొక్కటిగా గాక ఫ్లాపీ మొత్తమునకు ఒకే ప్రతి తీసి, రెండు చోట్ల భద్రపరచి, తరువాతనే తెరచి చూడవలెను. డాస్‌బాక్సు అను ప్రోగ్రాము నేటి కంప్యూటరుపై పాత డాస్‌ను అనుకరించును గనుక పాత ప్రోగ్రాములు అందు నడచును. ఎవరు వ్రాసిరి, ఏ సంవత్సరమున, ఏ కంపైలరుతో అను మూడును కాగితముపై గుర్తింపవలెను. వ్రాసినవారు ఊరిలోనే యున్నచో వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఏ పేరు ఎందుకు పెట్టిరో అడిగి, ఆ మాటలు కూడ వ్రాసికొనవలెను.