బండి స్లో స్పీడు పెరిగితే ముందు స్క్రూ ముట్టుకోకండి
(హెబ్బగోడి కార్మికుల సమావేశంలో యూనియన్ కార్యదర్శి ప్రసంగ పాఠం)



ఈ రోజు వేతనాల గురించి కాదు, మన పాత మోటారు సైకిళ్ల గురించి నాలుగు మాటలు చెబుతాను. ఇదేమి యూనియన్ విషయం అని కొందరు అనుకోవచ్చు. 2025 ఆగస్టులో బొమ్మసంద్ర దాకా మెట్రో వచ్చింది, సంతోషమే. కానీ నైట్ షిఫ్టు దిగినవాడిని సందులో ఉన్న గది దాకా చేర్చేది ఇప్పటికీ ఆ పాత బండే. అది చెడితే షిఫ్టు పోతుంది, షిఫ్టు పోతే హాజరు బోనసు పోతుంది. కనుక ఇది మన విషయమే.

మనలో చాలామంది దగ్గర ఉన్నవి సెకండ్ హ్యాండ్ బండ్లు. హీరో హోండా సీడీ 100, స్ప్లెండర్, యమహా ఆర్ఎక్స్ 100, మన పక్కనే హోసూరులో తయారైన సుజుకి సమురాయ్ లాంటివి. అన్నీ కార్బొరేటర్ బండ్లు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 ఇంజెక్షన్ బండ్లకు నేను చెప్పేది వర్తించదు.

జబ్బు ఏమిటంటే, ఎక్సలేటర్ వదిలేసినా ఇంజిను రేసవుతూనే ఉంటుంది. సిగ్నల్ దగ్గర నిలబడితే అరుస్తుంది. గేరు వేస్తే బండి ఎగిరి దూకుతుంది. పెట్రోలు తాగుతుంది. హోసూరు రోడ్డు ట్రాఫిక్‌లో లారీ వెనుక బ్రేకు వేసినప్పుడు బండి ముందుకు తోస్తే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు.

అప్పుడు అందరూ చేసే పని ఒకటే. స్క్రూడ్రైవర్ తీసి స్లో స్పీడు స్క్రూ తగ్గిస్తారు. రెండు రోజులు బాగుంటుంది. మూడోనాడు పొద్దున బండి స్టార్ట్ కాదు, లేదా మళ్లీ అరుస్తుంది. రింగ్ ఫ్రేమ్ మీద దారం పదే పదే తెగుతుంటే స్పీడు తగ్గించి ఊరుకుంటామా? ట్రావెలర్ అరిగిందా, డిపార్ట్‌మెంటులో తేమ తగ్గిందా అని చూస్తాం. స్పీడు తగ్గిస్తే ఉత్పత్తి తగ్గుతుంది, లోపం మాత్రం అక్కడే ఉంటుంది. బండికీ అదే న్యాయం.

ఎక్సలేటర్ మూసి ఉన్నప్పుడు ఇంజినుకు కొద్దిపాటి గాలి, దానికి సరిపడా పెట్రోలు అందాలి. స్పీడు పెరిగిందంటే ముఖ్యమైన కారణాలు రెండు. మూత పూర్తిగా మూసుకోవడం లేదు, లేదా వేరే దారిన దొంగగాలి లోపలికి పోతోంది. ఖర్చు లేని వాటి నుంచి మొదలుపెట్టి వరుసగా చూడండి.

మొదటిది, ఎక్సలేటర్ వైరు. పది నిమిషాలు నడిపి ఇంజిను వేడెక్కాక చోక్ పూర్తిగా వెనక్కి వచ్చిందో లేదో చూడండి. తరువాత బండి న్యూట్రల్‌లో పెట్టి హ్యాండిల్‌ను ఎడమకు, కుడికి పూర్తిగా తిప్పండి. తిప్పినప్పుడు స్పీడు పెరిగితే వైరు బిగుసుకున్నట్టే. ట్యాంకు దించి ఎక్కించినప్పుడు వైరు నలిగి ఉంటుంది. ఎక్సలేటర్ పిడిలో రెండు మూడు మిల్లీమీటర్లయినా వదులు ఉండాలి, వదిలిన వెంటనే టక్కున వెనక్కి రావాలి. పోగులు తెగిన వైరును వెంటనే మార్చండి. అది ఏదో ఒక రోజు తెరుచుకున్న చోటే ఇరుక్కుంటుంది.

రెండవది, కార్బొరేటర్‌లో పైకీ కిందికీ ఆడే స్లైడు. మట్టి చేరితే కిందికి దిగదు. విప్పి కడిగినవారు తిప్పి బిగిస్తే కూడా దిగదు. దాని కోత ఎప్పుడూ ఎయిర్ ఫిల్టరు వైపే ఉండాలి.

మూడవది, అసలు దొంగ. కార్బొరేటర్‌కు, ఇంజినుకు మధ్య ఉండే మ్యానిఫోల్డ్, దాని రబ్బరు, ప్యాకింగు. రబ్బరు ఎండి చీలితే, బోల్టు వదులైతే అక్కడినుంచి గాలి లాగుతుంది. స్పీడు పెరగడమే కాదు, ఎక్సలేటర్ వదిలాక నిదానంగా దిగుతుంది. ఇంజిను నడుస్తుండగా ఆ కీళ్ల మీద కొద్దిగా సబ్బు నీళ్లు వేయండి. స్పీడు మారితే గాలి అక్కడే పోతోంది. పెట్రోలు చల్లి చూడవద్దు, వేడి ఇంజిను మీద అంటుకుంటుంది. 2023 ఫిబ్రవరిలో మన బెంగళూరులోనే 20 శాతం ఇథనాల్ పెట్రోలును ప్రారంభించారు. పాత బండ్ల రబ్బర్లు దాని కోసం చేసినవి కావు, కనుక పెట్రోలు పైపును కూడా అప్పుడప్పుడు చూసుకోండి.

ఆర్ఎక్స్ 100, సమురాయ్ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త. టూ స్ట్రోక్ ఇంజినులో మ్యాగ్నెట్ వైపు క్రాంకు ఆయిల్ సీలు పోయినా ఇదే లక్షణం. గాలి ఎక్కువై పెట్రోలు తగ్గితే పిస్టన్ వేడెక్కి సీజ్ అవుతుంది. సీలు కొన్నదానికీ, బోరు చేయించినదానికీ ఖర్చులో ఎంతో తేడా. ఆ అరుపు విని నిర్లక్ష్యం చేయకండి.

నాలుగవది, స్లో జెట్. రంధ్రం మూసుకుపోతే పెట్రోలు తగ్గి ఇంజిను తిక్కగా నడుస్తుంది. గాలి కొట్టించి శుభ్రం చేయండి. ఇనుప తీగ గుచ్చితే రంధ్రం పెద్దదై జెట్టే పాడవుతుంది. ఎయిర్ స్క్రూ తిప్పే ముందు అది ఎన్ని చుట్లు బయటికి ఉందో లెక్కపెట్టి రాసి పెట్టుకోండి. ఒకసారి ఒక్కటే మార్చండి, చూడండి, ఆ తరువాతే రెండోది.

ఇవన్నీ సరిచేశాక చిట్టచివర స్లో స్పీడు స్క్రూ. ఇంజిను వేడిగా ఉన్నప్పుడే సెట్ చేయాలి. సీడీ 100 వంటి బండికి నిమిషానికి సుమారు 1,400 చుట్లు. మీటరు లేకపోయినా పరవాలేదు. మిషన్ల మధ్య పని చేసిన చెవి మనది, ఆగకుండా నెమ్మదిగా కొట్టే దెబ్బ ఏదో గుర్తు పడుతుంది.

రెండు హెచ్చరికలు. బండిని గదిలో గాని, తలుపు మూసిన షెడ్డులో గాని నడిపి చూడవద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, మనిషిని నిద్రలోనే చంపుతుంది. ఇక దారిలో ఎక్సలేటర్ ఇరుక్కుంటే కంగారు పడకుండా క్లచ్ నొక్కి, తాళం ఆపి, పక్కకు తీయండి.

మిత్రులారా, మెకానిక్ కూడా మన వర్గం మనిషే, అతని కూలి అతనికి ఇవ్వాలి. కానీ "స్పీడు తగ్గించు" అని చెప్పడం వేరు, "మ్యానిఫోల్డ్ రబ్బరు దగ్గర గాలి లాగుతోంది, అది మార్చు" అని చెప్పడం వేరు. రోగం పేరు చెప్పగలిగినవాడికి అనవసరపు బిల్లు పడదు. 2016 ఏప్రిల్‌లో పీఎఫ్ తీసుకోవడంపై పెట్టిన ఆంక్షలకు వ్యతిరేకంగా వేలాది గార్మెంట్ కార్మికులు ఈ హోసూరు రోడ్డు మీదికి వచ్చారు. కేంద్రం ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుంది. మేనేజ్‌మెంటు ముందైనా, ప్రభుత్వం ముందైనా, బండి ముందైనా, లోపం ఎక్కడుందో వేలు పెట్టి చూపగలగడమే కార్మికుడి బలం.

పాత బండి ఉన్న ప్రతివారూ వచ్చే వారం సెలవునాడు వైరు, రబ్బరు, ఈ రెండయినా చూసుకోవాలని కోరుతూ ముగిస్తున్నాను.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి.